ఓరుగంటి గోడల పసిమి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి రంగు ఎన్నుకొని చూడు అని మూడవ మాట కూడా చేర్చవచ్చునని నా అభిప్రాయం. రంగుల దుకాణంలో చేతికిచ్చే నమూనా పుస్తకంలో లేత పసుపు ఒక్కదానికే పుటల కొద్దీ ఛాయలుంటాయి. ఐవరీ అంటారు, క్రీమ్ అంటారు, బటర్ అంటారు, శాండల్ అంటారు. మన కళ్ళకు బాగా తెలిసిన ఆ రంగుకు అక్కడ ఒక్క తెలుగు పేరు కనబడదు. దుకాణదారుని అడిగితే "లైట్ ఎల్లో" అంటాడు. ఇంట్లోవారిని అడిగితే "లేత పసుపు" అంటారు. నిజానికి గోడకు పసుపు పూయము కదా! మరి ఆ రంగు మన గోడల మీదికి ఎక్కడి నుండి వచ్చింది? దేనితో చేశారు? మనవారు దానిని ఏమని పిలిచారు? ఈ మూడు ప్రశ్నలకు మా ఓరుగల్లు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని నాకు తోచిన సమాధానాలు చదువరుల ముందుంచుతున్నాను.

ముందుగా మాట సంగతి. తెలుగువారికి పచ్చ అంటే ఆకుల రంగూ అవును, బంగారు రంగూ అవును. పచ్చకామెర్లు అన్నప్పుడు పచ్చ పసుపే. పచ్చని చేను అన్నప్పుడు అదే మాట ఆకుల రంగు. ఈ అయోమయం పోగొట్టుకోవడానికే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని రెండు సమాసాలు కల్పించుకున్నాము. పచ్చ, పచ్చి, పసి, పసుపు, పసిడి, పసిమి అన్నీ ఒకే కుటుంబపు మాటలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. లేతదనం, పచ్చిదనం, బంగారుతనం మూడూ ఆ ధాతువులో కలిసిపోయి ఉన్నాయి. వీటిలో పసిమి అన్నది మన విషయానికి చక్కగా అమరే మాట. బంగారపు మెరుపు లేదు, పసుపుకొమ్ము గాఢత లేదు. లేతగా, వెచ్చగా ఉన్న వన్నె అది. ఇప్పుడు దానిని పుస్తకాలలో "పసిమి ఛాయ" అని స్త్రీల మేని వర్ణనకు మాత్రమే మిగిల్చాము.

సంస్కృతంలో ఈ ఛాయకు ఇంకా నిర్దిష్టమైన మాట ఉన్నది. పాండువు అంటే తెలుపులో పసుపు కలిసిన రంగు. వ్యాసుని చూచి అంబాలిక వెలవెలబోయినందున పుట్టిన బిడ్డ పాండురాజు అయినాడన్న కథ అందరికీ తెలిసినదే. రక్తం తగ్గి దేహం పాలిపోయే జబ్బుకు వైద్యులు పాండురోగమని పేరు పెట్టారు. ఇక గౌర శబ్దానికి అమరకోశంలో తెలుపు, పసుపు, ఎరుపు అని మూడు అర్థాలు చెప్పబడినాయి. భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసాలకు వర్ణాలు చెబుతూ వీరరసానికి గౌరం, అద్భుతరసానికి పీతం విధించాడు. గౌరం వేరు, పీతం వేరు అనే ఎరుక వెనుకటి వారికి స్పష్టంగా ఉండేదన్నమాట. బతుకమ్మ పేర్చినప్పుడు శిఖరాన నిలిపే పసుపు ముద్దను గౌరమ్మ అని పిలుచుకొనే మన ఆడపడుచులు ఏ నిఘంటువూ చూడకుండానే ఆ మాటలోని పసుపును నిలుపుకున్నారు.

ఇక గోడ సంగతి. ఓరుగల్లు ప్రాంతంలో మనిషి గోడకు రంగు వేసిన తొలి ఆనవాళ్ళలో పసుపు ఉన్నది. వరంగల్లుకు సుమారు యాభై కిలోమీటర్ల దూరాన, రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉన్నది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. అక్కడి రాతి ఆశ్రయాలలోని ప్రాచీన చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత వంటి జంతువుల బొమ్మలు ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులలో కనబడతాయి. ఇల్లు కట్టడం రాక ముందే మన మనిషి తాను తలదాచుకున్న రాతిగోడను అలంకరించుకున్నాడు. పాండురాజు కొడుకుల పేరు మోస్తున్న గుట్ట మీద పాండువర్ణానికి అన్న వంటి పసుపు కనిపించడం కేవలం కాకతాళీయమే అయినా, తెలుగు పండితునికి ఒక చిన్న ముచ్చట.

అన్ని వేల యేళ్ళు నిలిచే పసుపు ఎటువంటిది? ఇక్కడ చాలామంది పొరబడే అవకాశమున్నది. పసుపు పచ్చగా ఉన్నది కనుక గోడ పసుపు కూడా పసుపుకొమ్ము నుండే వచ్చి ఉంటుందనుకోవడం సహజం. అందులోనూ ఏనుమాముల మార్కెట్టుకు పసుపు బస్తాలు వచ్చే ఊరు మాది. కానీ పసుపును సున్నంలో కలిపి చూడండి. క్షణంలో ఎర్రబడుతుంది. పెళ్ళిలో పాదాలకు పూసే పారాణి ఇదే కదా! పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే రంగు మారుతుంది. తడి సున్నం గట్టి క్షారం. అంతే కాదు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. అందుకే మన ఆడవారు గడపకు పసుపు పూశారు, గోడకు పూయలేదు. గడప కొయ్యది, దాని మీద సున్నం లేదు. పైగా శుక్రవారం నాడో పండుగనాడో మళ్ళీ పూస్తారు కనుక వెలిసిపోతుందన్న బెంగ లేదు. ఆచారమని మనం అనుకునే దానిలో ఇంత రసాయనశాస్త్రం దాగి ఉన్నది.

గోడకు కావలసిన పసుపు భూమిలో ఉన్నది. ఇనుము, నీరు కలిసి ఏర్పడిన పచ్చమన్ను అది. ఉత్తరాదివారు రామరజ్ అంటారు. బయ్యారం కొండలలో ఖనిజంగా ఉన్న ఇనుమే మరొక రూపంలో మట్టికి ఈ వన్నె ఇస్తుంది. ఈ మన్నును పెనం మీద వేసి బాగా వేడి చేస్తే దానిలోని నీరు పోయి ఎర్రమన్నుగా మారిపోతుంది. మన తెలంగాణ ఇళ్ళలో గద్దెలకూ గోడల అడుగు పట్టీలకూ పూసే జాజు ఎర్రదనం కూడా ఆ ఇనుముదే. అంటే జాజూ పచ్చమన్నూ తోబుట్టువులు. సున్నం వీటిని ఏమీ చేయలేదు, ఎండ ఏమీ చేయలేదు. అజంతా గుహల్లోనూ, పదహారవ శతాబ్దపు లేపాక్షి మండపాల పైకప్పుల్లోనూ పసుపు ఈనాటికీ నిలిచి ఉన్నదంటే ఈ మట్టి చలువే.

కాకతీయుల కాలానికి వద్దాము. కాకతి రెండవ ప్రోలరాజు కల్యాణి చాళుక్యులకు సామంతుడు. ఆ చాళుక్య ప్రభువులలో మూడవ సోమేశ్వరుడు 1126 నుండి 1138 వరకు పరిపాలించాడు. ఆయన పేర వెలసిన మానసోల్లాసం, దానికే అభిలషితార్థచింతామణి అని మరొక పేరు, గోడ మీద చిత్రాలు వ్రాసే పద్ధతిని వివరించిన గ్రంథం. గోడను సున్నంతో నున్నగా చేయడం, ఎనుము తోలు మరిగించి తీసిన వజ్రలేపమనే జిగురును తెల్లమన్నుతో కలిపి పూత పూయడం, ఆ పైన రంగులు నింపడం అందులో ఉన్నాయి. పసుపుకు హరితాళం చెప్పబడింది. హరితాళం మెరుపుగల రంగే గాని పాషాణ సంబంధమైన విషం. చిత్రశాలలో బొమ్మకు రవ్వంత వాడవచ్చును గాని పిల్లలు ఆనుకొని కూర్చునే ఇంటి గోడకు పనికిరాదు. ధర రీత్యా కూడా సామాన్యునికి అందేది కాదు. రాజు చిత్రశాలకు హరితాళం, రైతు ఇంటికి మన్ను. రెండూ పసుపులే.

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఆలయాలలో కాకతీయ కాలపు చిత్రలేఖనపు జాడలు మిగిలినాయి. ఓరుగంటి వీధులను మన కళ్ళకు కట్టించే క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి నగరమంతా తిరుగుతూ మాచల్దేవి అనే వేశ్య చిత్రశాల సంగతి ముచ్చటించుకుంటారు. 1323లో నగరం ఢిల్లీ సేనల పాలైన తరువాత ఆ గోడలు నిలువలేదు. రాతి తోరణాలు నిలిచాయి, మట్టి గోడలు మట్టిలో కలిసిపోయాయి. ఈనాడు కోటలో నల్లని రాయి మాత్రమే చూచి కాకతీయుల కాలం నలుపు తెలుపు కాలమని మనం పొరబడుతున్నాము. ఆ రాళ్ళ మధ్య మనుషులు కాపురాలు చేశారు. కాపురమున్న చోట సున్నమూ మన్నూ ఉండే తీరుతాయి.

ఆ సంప్రదాయం మరొక రూపంలో చేర్యాలలో బతికింది. నకాషీ కళాకారులు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, దానిని గోడ వలె గట్టిచేసి, కులపురాణాల పటాలు వ్రాస్తారు. దేవుళ్ళకు నీలం, దేవేరులకు పసుపు అని అందులో ఒక మర్యాద ఉన్నది. చుట్టి చంకన పెట్టుకొని ఊరూరా తిప్పగలిగిన గోడ అని చేర్యాల పటాన్ని నేను తరగతిలో పిల్లలకు చెప్పేవాడిని.

ఆసఫ్‌జాహీల కాలంలో పసుపుకు రాజముద్ర పడింది. వంశకర్త మీర్ ఖమరుద్దీనుకు ఒక సూఫీ గురువు పసుపు గుడ్డలో మూటగట్టిన కుల్చా రొట్టెలు పెట్టాడనీ, ఆయన ఏడు తిన్నందున ఏడు తరాలు ఏలుబడి సాగిందనీ ఒక ఐతిహ్యం. నిజాముల పతాకం పసుపుగా ఉండి, నడుమ గుండ్రని కుల్చా గుర్తు ఉండడానికి ఆ కథనే కారణంగా చెబుతారు. దీనిని పట్టుకొని మన పాత కచేరీలకూ బంగళాలకూ లేత పసుపు వేయడం నిజాం పతాకం వల్లనే వచ్చిందని కొందరు మిత్రులు అంటూ ఉంటారు. ఆ వాదం నిలిచేది కాదు. నిజాం జెండా ఎగరని బ్రిటిషు జిల్లాలలోనూ కచేరీలకు ఇదే రంగు వేసేవారు. ఫ్రెంచివారి పుదుచ్చేరి వీధులలోనూ ఇదే పసుపు, తెల్లని అంచులతో. ఎక్కడో ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో షోన్‌బ్రున్ రాజప్రాసాదానికీ ఇదే వన్నె. ఇన్ని జెండాల కింద ఒకే రంగు కనబడితే కారణం జెండా కాజాలదు. సున్నం ఉన్న ప్రతి చోటా దానిలో కలిసి నిలిచే రంగులలో అతి చవకైనది ఈ మన్నే. పైగా తెల్లసున్నం మీద దుమ్ము వారంలో కనబడుతుంది. పసిమి గోడ మీద ఆ దుమ్ము రంగులో రంగుగా కలిసిపోతుంది. ఎర్రనేలల దేశంలో ఇంతకన్న తెలివైన రంగు మరొకటి లేదు.

వెలుగు కూడా ఒక కారణమని నా నమ్మకం. కరెంటు రాక ముందు మన ఇళ్ళలో ఆముదపు దీపమో కిరసనాయిలు బుడ్డో వెలిగేది. ఆ దీపాల కాంతిలో నీలం పాలు బహు తక్కువ, పసుపు ఎరుపుల పాలు ఎక్కువ. నీలం గోడ ఆ కాంతిని మింగివేసి మసకగా ఉంటుంది. పసిమి గోడ ఆ కాంతిని దాదాపు అంతా గదిలోకే తిరిగి పంపుతుంది. చిన్న కిటికీలు, మందపు గోడలు ఉన్న మన పాత ఇళ్ళలో ఒక దీపంతో పిల్లలు నలుగురూ చుట్టూ కూర్చొని చదువుకున్నారంటే గోడ కూడా సగం దీపమై నిలిచిందన్నమాట. వెల్లలో నీలిమందు కలిపేవారు కొందరు, పచ్చమన్ను కలిపేవారు కొందరు. పగటి వెలుగులో తళతళ కావాలన్నవారు మొదటివారు. రాత్రి దీపం కింద వెచ్చదనం కావాలన్నవారు రెండవవారు.

ఈ విషయాలన్నీ నాకు గ్రంథాల వల్ల మాత్రమే తెలిసినవి కావు. మట్టెవాడలో మా తాతగారు కట్టించిన ఇంటిలో ఒక గది ఇంకా మట్టిగోడలతోనే ఉన్నది. ఆ మధ్య దానికి రంగు వేయించాలని పూనుకున్నాము. మా అబ్బాయికి బూడిదరంగు ఇష్టం. "ఇప్పుడంతా అదే వేస్తున్నారు నాన్నా" అన్నాడు. రంగులు వేసే మేస్త్రీ గీకుడు బిళ్ళతో ఒక మూల గీకి నన్ను పిలిచాడు. "సార్, గీకినకొద్దీ వస్తనే ఉన్నయి. మట్టి దాక పోతది. ఏం జెయ్యమంటరు?" అన్నాడు. చూస్తే చెట్టు మొదలులో వలయాల వలె పొరలు. పైన ప్లాస్టిక్ ఎమల్షన్. దాని కింద లేత ఆకుపచ్చ డిస్టెంపర్. అది మా నాన్నగారు 1970లలో వేయించినది. దాని కింద నీలి వెల్ల. ఆ కింద, పలుచగా, ఒకదాని మీద ఒకటిగా, దసరాకు దసరాకు పూసిన పసిమి పూతలు. నేను తొమ్మిది లెక్కపెట్టి ఆగిపోయాను. అన్నిటికన్న అడుగున మట్టి, దానిలో ఇంకా మెరుస్తున్న గడ్డిపరకలు.

ఆ జానెడు గోడ మీద మా ఊరి రంగుల చరిత్ర అంతా ఉన్నది. 1889లో బెజవాడ వరకు రైలు మార్గం పడి దూరపు సరుకు వరంగల్లుకు చేరువైంది. 1902లో షాలిమార్, 1942లో ఏషియన్ పెయింట్స్ వంటి రంగుల సంస్థలు మన దేశంలో వెలిశాయి. క్రమంగా మన్ను పోయి పొట్లం, పొట్లం పోయి డబ్బా వచ్చింది. వచ్చిన ప్రతి సౌకర్యంతో పాటు ఏదో ఒక చిక్కు కూడా వచ్చింది. 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్రోమియం కనుగొన్న తరువాత దానిని సీసంతో కలిపి చేసిన క్రోము పసుపు లోకమంతా వ్యాపించింది. కంటికి ఇంపైనదే గాని సీసం పసిపిల్లల మెదడుకు చేటు. గోడ పెచ్చులు ఊడితే ఆ పొడి పిల్లల నోటికి చేరుతుంది. మన ప్రభుత్వం 2016లో నియమాలు చేసి, ఇళ్ళకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు తొంభై పాళ్ళు మించరాదని 2017 నవంబరు నుండి అమలు చేసింది. అందుచేత పాత ఇళ్ళలో తళతళలాడే పసుపు నూనెరంగు పూసిన తలుపులను పొడిగా గీకించేవారు కాస్త జాగ్రత్త పడాలి. తడిపి గీకించడం, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచడం మంచిది.

రెండవ చిక్కు ఇంకా ముఖ్యమైనది. మట్టిగోడ, సున్నపు గోడ ఊపిరి తీసే గోడలు. వానాకాలంలో నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, ఎండాకాలంలో బయటికి పోతుంది. సున్నపు పూత ఆ రాకపోకలకు అడ్డు చెప్పదు. దాని మీద ప్లాస్టిక్ వంటి పొర వేస్తే చెమ్మ లోపలే చిక్కుతుంది; ఉప్పు పేరుకొని రంగు బుడగలై లేస్తుంది; చివరకు మట్టే రాలిపోతుంది. అప్పుడు "పాత గోడ కదా, పడగొట్టవలసిందే" అంటారు. పాత ఇల్లు కూలడానికి వయసు ఒక్కటే కారణం కాదు. దానికి పడని చొక్కా తొడగడం కూడా ఒక కారణం. మా ప్రాంతంలోని ఒక చిన్న గుడిలో భక్తి కొద్దీ స్తంభాలకు నిగనిగలాడే రంగు పూయించగా, నేను చిన్నప్పుడు వేలితో తడిమి చదువుకున్న శాసనపు అక్షరాలు మూసుకుపోయాయి. పూయించినవారికి రాయి శుభ్రంగా కనబడింది. చదువుకోవలసినవారికి ఒక పుట పోయింది.

మేము చేసిన పని చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చును. కొత్తగా వేసిన సిమెంటు గదికి మా అబ్బాయి కోరిన బూడిదరంగే వేయించాము. మట్టిగోడల గదికి మాత్రం పైనున్న ప్లాస్టిక్ పొర తీయించి, తిరిగి సున్నమే వేయించాము. సున్నాన్ని కొన్ని దినాలు నీటిలో నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, పాల వలె పలుచగా చేసుకోవాలి. పచ్చమన్నును వేరుగా నీటిలో నానబెట్టి, వడపోసి కలపాలి. సున్నంలో పదో వంతుకు మించితే పట్టు తప్పి చేతికంటుతుంది. కొంచెం గంజి, కొంచెం ఉప్పు కలపడం మన పాత పద్ధతి. గోడను ముందు తడిపి, పలుచగా మూడు పూతలు వేయాలి. తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనబడి భయపెడుతుంది. ఆరినకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సున్నం మళ్ళీ రాయిగా మారుతూ, రంగు వెలిసి పసిమిగా తేలుతుంది. ఆ ఆరడం చూడడం ఒక పండుగ. గీకిన మూలలో మూరెడు మేర పొరలను అలాగే ఉంచి చుట్టూ సన్నని కొయ్యపట్టీ కొట్టించాము. మా మనుమరాలు వచ్చినవారికల్లా అది మా ముత్తాత గోడ అని చూపిస్తున్నది.

ఈ రంగు గొప్పది, తక్కిన రంగులు హీనమైనవి అనడం నా ఉద్దేశం కాదు. సిమెంటు గోడకు కొత్త రంగు వేసుకోవడంలో దోషమేమీ లేదు. కాని తాతల నాటి ఇల్లు మిగిలి ఉన్నవారు రంగు మార్చే ముందు ఒక్క మూల, ఒక్క జానెడు మేర, నెమ్మదిగా గీకి చూడండి. కనబడిన పొరలను ఒక ఛాయాచిత్రం తీసి, ఇంట్లో పెద్దవారిని అడిగి ఏది ఎప్పుడు వేశారో వ్రాసి పెట్టండి. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. మన ఇళ్ళ చరిత్రకు ఈ పొరలే శాసనాలు, వాటిని అచ్చువేసే పరిష్కర్తలు ఎవరూ రారు.

చివరిగా ఒక మనవి. నేను పసిమి అన్న ఈ రంగును మీ ప్రాంతంలో మీ అమ్మమ్మలు, నానమ్మలు ఏమని పిలిచేవారు? గోడకు ఏ మన్ను కలిపేవారు, అది ఎక్కడి నుండి తెచ్చేవారు? గోదావరి సీమ వారికీ, రాయలసీమ వారికీ, కళింగసీమ వారికీ వేరు వేరు మాటలు తప్పక ఉంటాయి. తెలిసినవారు దయచేసి వ్రాయండి. పది ఊళ్ళ మాటలు ఒక చోట చేరితే, ఏదో ఒకనాటికి రంగుల దుకాణపు నమూనా పుస్తకంలోనూ ఒక తెలుగు పేరు చోటు చేసుకుంటుంది.